హకీం సాహెబు నుస్ఖా, ఆసుపత్రి కంప్యూటరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న కార్యదర్శిగారు విషయం కూడా తానే ఇచ్చారు. మన సంఘం తరఫున చిన్న వైద్యశాల, రక్తపరీక్షల గది పెట్టాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాము. గది సిద్ధమయింది. పేర్లు, పరీక్షలు, బిల్లులు రాసుకునే కంప్యూటరు ప్రోగ్రాము ఏది తీసుకోవాలన్న దగ్గర కమిటీ ఆగిపోయింది. ఒక కంపెనీవారు లక్షన్నర అన్నారు. ఒక కుర్రవాడు వచ్చి "ఓపెన్ సోర్సు వేసుకోండి, పైసా ఖర్చు లేదు" అన్నాడు. ఇంకొక కంపెనీవారు మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది నుంచి చూసుకుందాం అన్నారు. ఈ మూడోమాట విన్నప్పుడే నాకు కొంచెం భయం వేసింది. అది ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక హకీం సాహెబు ఉండేవారు. సెగ్గడ్డలకు ఆయన ఇచ్చే నల్లటి మలాము పెట్టింది పేరు. ధవళేశ్వరం నుంచి, కొవ్వూరు నుంచి కూడా జనం వచ్చేవారు. అందులో ఏం కలుపుతారో ఎవరికీ చెప్పలేదు. తలుపు వేసుకుని నూరేవారు. కొడుక్కి చెబుదామనుకునేలోపు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మలాము ఆయనతోనే పోయింది. ఆయన చెడ్డవారేమీ కాదు. బీదవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకునేవారు కాదు. అయినా నుస్ఖా పోయింది.

పేటెంటు అనే పద్ధతికి ఈ నష్టాన్ని ఆపడం కూడా ఒక ఉద్దేశం. మనలో చాలామంది పేటెంటు అంటే దాచిపెట్టడం అనుకుంటారు. నిజానికి అది తిరగబడ్డ మాట. "నీవు కనిపెట్టినదాన్ని వివరంగా రాసి ప్రభుత్వానికి ఇయ్యి, నలుగురూ చదువుకోనియ్యి. బదులుగా ఇరవై ఏళ్ళు దానిమీద లాభం నీకే" అన్నది ఒప్పందం. ఇరవై ఏళ్ళు గడిచాక అది అందరిదీ. ఇన్సులిను కనిపెట్టిన బాంటింగు, బెస్టు, కోలిప్ అనేవారు 1923లో తమ పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి మనిషికి ఒక్క డాలరు చొప్పున ఇచ్చేశారు. పేటెంటును కూడా ధర్మానికి వాడవచ్చునన్నమాట.

మన జిల్లాల మనిషి సంగతే చెబుతాను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు, మన రాజమండ్రిలో చదువుకున్నారు. అమెరికా వెళ్ళి లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. 1947 ప్రాంతంలో ఆయన బృందం బోదకాలుకు మందు తీసింది. డైఇథైల్ కార్బమజీన్ దాని పేరు. మన డెల్టాలో కాలువగట్టు ఊళ్ళలో బోదకాలంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే మాత్రల్లో అది ఒకటి. కంపెనీ సొమ్ముతో కంపెనీ గోడల మధ్య పుట్టిన మందు అది. ఈరోజు దానిమీద ఎవరి హక్కూ లేదు. జపాను కంపెనీ ఒకటి, ఐసాయ్ అని, విశాఖపట్నం ఫ్యాక్టరీలో దాన్ని తయారుచేసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తోంది. 220 కోట్ల మాత్రలు ఇస్తామని మొదట మాట ఇచ్చారు. భీమవరం కుర్రవాడి బుర్ర, అమెరికా కంపెనీ డబ్బు, జపాను వారి దానం, విశాఖ కూలీల కష్టం. ఇందులో ఎవరిని వద్దంటాము?

అందుచేత కంపెనీలు అనగానే దొంగలు అని నేను అనను. కానీ మందుకూ కంప్యూటరు ప్రోగ్రాముకూ ఒక పెద్ద తేడా ఉంది. అదే ఈవేళ తమరు గుర్తుపెట్టుకోవలసింది.

మాత్ర కొంటే దానిలో ఏముందో ప్రయోగశాలలో తేల్చవచ్చు. పేటెంటు పత్రం చదవవచ్చు. ప్రోగ్రాము అలా కాదు. దాన్ని మనుషులు చదవగలిగే రూపంలో రాస్తారు. దాన్ని సోర్సు కోడు అంటారు. అదే నుస్ఖా. మనకు అమ్మేది మాత్రం కంప్యూటరుకే అర్థమయ్యే రూపం, అంటే నూరి డబ్బాలో పెట్టిన మలాము. మన దేశపు పేటెంటు చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త ప్రోగ్రాముకు పేటెంటు లేదు. యంత్రంతో కలిసి కొత్త సాంకేతిక ఫలితం చూపిస్తే మాత్రం ఇస్తూనే ఉన్నారు. పేటెంటు లేకపోయినా కాపీరైటు ఉంటుంది. అది రాసినవారు పోయాక కూడా అరవై ఏళ్ళు నడుస్తుంది. ఆ అరవై ఏళ్ళూ గడిచినా సోర్సు కోడు బయటపెట్టమని అడిగే చట్టం లేదు. పేటెంటుకు ఇరవై ఏళ్ళకు తలుపు తెరుచుకుంటుంది. తాళం వేసిన ప్రోగ్రాముకు ఆ గడియారమే లేదు. కంపెనీ మూతబడితే హకీం సాహెబు కథే.

ఓపెన్ సోర్సు అంటే నుస్ఖాతో సహా ఇవ్వడం. చదువుకో, మార్చుకో, పక్కవాడికి ఇయ్యి అనే లైసెన్సుతో ఇస్తారు. కొన్ని లైసెన్సుల్లో ఇంకో షరతు ఉంటుంది: నీవు మార్చి ఇతరులకు ఇస్తే, ఆ మార్పులు కూడా అదే షరతుమీద ఇవ్వాలి. ఇది వింటే మనవాళ్ళకు వెంటనే వక్ఫ్ గుర్తుకు రావాలి. హజ్రత్ ఉమర్ (రజి)గారికి ఖైబర్‌లో మంచి భూమి వచ్చినప్పుడు ఏం చెయ్యమంటారని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)వారిని అడిగారు. అసలును అలాగే ఉంచి, ఫలసాయాన్ని దానం చెయ్యమని సలహా వచ్చింది. అమ్మడానికి లేదు, వారసత్వంగా పంచుకోవడానికి లేదు, ఫలం మాత్రం అందరికీ. కైరోలో 1284లో సుల్తాన్ కలావూన్ కట్టించిన పెద్ద ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంమీదనే నడిచింది. ఈ పోలిక మరీ సాగదీయను. షరీఅత్ సంగతులు ఆలిం సాహెబులు చెప్పాలిగాని నేను కాదు.

మన కలాంగారు కూడా ఈ తగవులో ఉన్నారు. 2002 నవంబరులో బిల్ గేట్సు ఢిల్లీ వచ్చి రాష్ట్రపతిగా ఉన్న ఆయనను కలిశారు. సాఫ్ట్‌వేరు భద్రత విషయంలో మాట్లాడుకుంటూ, సోర్సు కోడు తెరిచి ఉంటే మా భద్రతా ఏర్పాట్లు మేమే చేసుకోగలమని కలాంగారు అన్నారు. అక్కడ ఇద్దరి అభిప్రాయాలూ కలవలేదు. ఈ సంగతి ఆయనే 2003 మే 28న పూనాలో విద్యార్థుల ఎదుట చెప్పి, వందకోట్ల మంది ఉన్న దేశానికి ఓపెన్ సోర్సే మంచిదని అన్నారు. అంతమాత్రాన ఆయన మైక్రోసాఫ్టును దేశంనుంచి పొమ్మనలేదు. అప్పటికే వారి పెద్ద కార్యాలయం హైదరాబాదులో ఉంది. మన పిల్లలు దానిలో ఉద్యోగాలు చేస్తున్నారు.

ఇప్పుడు మన రాష్ట్రంలో జరిగిన అసలు కథ ఒకటి వినండి. 2000 సంవత్సరం చివర చిత్తూరు జిల్లా కుప్పంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల లెక్కలు కంప్యూటరులో పెట్టే ప్రయత్నం మొదలయింది. నార్వే దేశపు ఓస్లో విశ్వవిద్యాలయం వారు, దక్షిణాఫ్రికాలో తెల్లవారి పాలన పోయాక అక్కడి జిల్లాల కోసం తయారైన ప్రోగ్రామును తెచ్చారు. దాని పేరు డిహిస్. నర్సమ్మలు పుట్టిన బిడ్డలు, టీకాలు, గర్భిణులు అంటూ ఒకే సంగతిని ఎన్నో రిజిస్టర్లలో మళ్ళీమళ్ళీ రాసి చేతులు పడిపోయే రోజులవి. ఆ ప్రోగ్రాము ఉచితం. సోర్సు కోడు తెరిచే ఉంది. కానీ నడవడానికి కింద మైక్రోసాఫ్టు వారి యాక్సెస్ ఉండాలి. అది డబ్బు పెట్టి కొనాలి! పందిరి మనది, గుంజలు అద్దెవి అన్నట్టు.

దాన్ని చూసి నవ్వినవారున్నారు. నాకైతే నవ్వు రాలేదు. మొదలుపెట్టడానికి చేతిలో ఉన్నదానితోనే మొదలుపెట్టాలి కదా. తరవాత ఏమయిందంటే, కింది గుంజలు కూడా స్వేచ్ఛగా ఉండాలని ఆ ప్రోగ్రామును 2004 నుంచి పూర్తిగా కొత్తగా రాయడం ప్రారంభించారు. డిహిస్-2 అన్నారు. అది మొట్టమొదట పనిలోకి వచ్చింది 2006లో, కేరళలో. అక్కడి ప్రభుత్వం ఓపెన్ సోర్సు విధానం పెట్టుకుంది కాబట్టి అక్కడ లినక్సు మీద నడిపారు. ఈరోజు డెబ్బైకి పైగా దేశాల ఆరోగ్యశాఖలు దాన్ని వాడుతున్నాయి. 2020 జనవరిలో కరోనా మొదలవగానే శ్రీలంకవారు విమానాశ్రయంలో దిగినవాళ్ళ వివరాలు రాసుకోవడానికి దాన్నే కొద్దిరోజుల్లో మార్చుకుని వాడారు. ఎవరి అనుమతీ అడగవలసిన అవసరం రాలేదు.

కరోనా అంటే జ్ఞాపకం వచ్చింది. మీ అందరి ఫోన్లలో టీకా సర్టిఫికెట్టు ఉంటుంది. దానిలో చుక్కల చతురస్రం ఉంటుందే, అది నకిలీ కాదని తేల్చే సర్టిఫికెట్టు ఏర్పాటు డైవాక్ అనే ఓపెన్ సోర్సు ప్రోగ్రాము. బెంగుళూరులోని ఈ-గవ్ ఫౌండేషన్ వారు చేశారు. అదే కాగితంమీద టీకా పేరు చూడండి, కోవిషీల్డో కోవాగ్జినో ఉంటుంది. అవి కంపెనీలు తయారుచేసినవి. 2022 జులై నాటికి దేశంలో 200 కోట్ల డోసులు పడ్డాయి. రెండూ ఒక కాగితంమీద పక్కపక్కనే కూర్చున్నాయి, దెబ్బలాడుకోలేదు.

ఇది సాధ్యమవడానికి ఒక రహస్యం ఉంది. దాన్ని మన గోదావరి భాషలో చెబుతాను. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. కాలువ అందరిదీ. చేను ఎవరిది వారిది. నీ చేలో వరి వేస్తావో, అరటి వేస్తావో నీ ఇష్టం. కానీ నీరు ఒక చేనునుంచి ఇంకో చేనుకు పారే బోదెను పూడ్చేస్తే మాత్రం ఊరు ఊరుకోదు. ఆసుపత్రి కంప్యూటర్లకు కూడా అలాంటి బోదెలున్నాయి. వాటిని ప్రమాణాలు అంటారు. స్కానింగు బొమ్మలకు డైకామ్ అనే ప్రమాణం ఉంది. అమెరికాలో ఎక్స్‌రే డాక్టర్ల సంఘమూ, యంత్రాల కంపెనీల సంఘమూ ఒకే బల్లచుట్టూ కూర్చుని 1985లో మొదటి రూపం తెచ్చారు. 1993లో డైకామ్ అని పేరు పెట్టారు. కోట్ల రూపాయల సి.టి. యంత్రాన్ని చందాలతో మనం తయారుచెయ్యలేము. దానిలోని ప్రోగ్రాము కంపెనీ రహస్యమే, పేటెంట్లు కూడా ఉంటాయి. ఉండనివ్వండి. బొమ్మ మాత్రం డైకామ్‌లో బయటికి రావాలి. వస్తే, ఓర్థాంక్ వంటి ఉచిత ప్రోగ్రాములతో ఏ ఊరి డాక్టరయినా దాన్ని చూడగలడు. రిపోర్టులకు, మందుల వివరాలకు కూడా ఇలాగే ఫైర్ అనే ప్రమాణం వచ్చింది. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ పెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ఆభా నంబరు అని అంటున్నారే, అది దానిమీదే ఆధారపడింది.

బోదె పూడ్చేస్తే ఏమవుతుందో నేను అనుభవించాను. 2019లో మా అమ్మీకి తెల్లవారుజామున చెయ్యి, నోరు వంకర పోయాయి. దగ్గరున్న ఆసుపత్రిలో తలకు స్కానింగు తీసి, పెద్ద చోటికి తీసుకుపొమ్మని ఒక సీడీ ఇచ్చారు. పెద్ద చోట ఆ సీడీ తెరుచుకోలేదు. అందులో డైకామ్ లేదు, ఆ యంత్రం కంపెనీవారి సొంత రూపంలో ఉంది, వారి ప్రోగ్రాము ఉంటేనే కనిపిస్తుందిట. మొదటిచోటికి ఫోను చేస్తే ఆ పని తెలిసినవాడు పదింటికి వస్తాడన్నారు. మళ్ళీ స్కానింగు తీశారు. డబ్బు పోతే పోయింది, గంటన్నర పోయింది. పక్షవాతంలో మొదటి గంటలు ఎంత విలువైనవో ఇక్కడ డాక్టరుగారున్నారు, వారిని అడగండి. అల్‌హమ్దులిల్లాహ్, అమ్మీ కోలుకుంది. ఎడమచెయ్యి పూర్తిగా రాలేదు. అది ఆ గంటన్నర వల్లనే అని నేననను. డాక్టర్లూ అనలేదు. కానీ అమ్మీ ఎడమచేత్తో గ్లాసు పట్టుకోబోయి వదిలేసినప్పుడల్లా నాకు ఆ సీడీ గుర్తుకువస్తుంది.

అయితే ఉచిత ప్రోగ్రామే వేసేద్దామా అంటే, ఆగండి. దానిలో జరిగిన తప్పు కూడా చెప్పాలి. ఆ తప్పు నాది. అయిదారేళ్ళ కిందట మన ఉచిత వైద్యశిబిరాలకు వచ్చిన షుగరు రోగుల పేర్లు ఒక ఓపెన్ సోర్సు ప్రోగ్రాములో పెట్టించాను. మన కుర్రవాడొకడు రాత్రుళ్ళు కూర్చుని ఎంతో బాగా అమర్చాడు. తరవాత వాడికి కువైట్ వీసా వచ్చింది. వెళ్ళిపోయాడు. మూడునెలలకు కంప్యూటరు మొరాయించింది. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, రెండో నకలు తీసి ఉంచలేదు. మూడు శిబిరాల వివరాలు పోయాయి. ఎవరికి మందు మార్చారో, ఎవరు రెండోసారి రావాలో ఏమీ లేదు. చీరాల నేత లుంగీ కట్టుకుని వచ్చే ఒక పెద్దాయన "నా చీటీ మీ దగ్గరే ఉందిగా నాయనా" అంటే తల వంచుకున్నాను. నుస్ఖా తెరిచి ఉంటే చాలదు, చదివేవాడు ఉండాలి. కాపలా లేని వక్ఫ్ భూములు ఏమయ్యాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

భద్రత విషయంలో కూడా ఇదే. 2017 మేలో వన్నాక్రై అనే వైరసు విండోసు కంప్యూటర్లలో దూరి ఇంగ్లాండులో ప్రభుత్వ ఆసుపత్రుల ఆపరేషన్లు ఆపేసింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లమీద దాడి జరిగి, రోజుల తరబడి చీటీలు చేత్తో రాశారు. తాళం వేసింది కదా అని సుఖంగా నిద్రపోవడానికి లేదు, తెరిచి ఉంది కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. క్షయ ఉన్నవాళ్ళ పేర్లు, ఆడవాళ్ళ పరీక్షలు మన దగ్గర ఉంటాయి. అవి అమానత్. 2023లో డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకపోయినా అమానత్ అమానతే.

ఇక మన గది సంగతి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారి అనే పల్లెలో జన స్వాస్థ్య సహయోగ్ అనే బీదల ఆసుపత్రి ఉంది. పదేళ్ళకు పైన వారికోసం థాట్‌వర్క్స్ అనే కంపెనీ ఇంజనీర్లు బామ్ని అనే ప్రోగ్రాము కూర్చారు. రోగి వివరాలకు ఓపెన్ ఎంఆర్ఎస్, రక్తపరీక్షలకు ఓపెన్ ఎలిస్, బిల్లులకు ఓడూ, ఈ మూడు ఓపెన్ సోర్సు ప్రోగ్రాములను కలిపి కుట్టినది అది. కుట్టింది వ్యాపారం చేసుకునే కంపెనీయే! ఆఫ్రికాలో, ఆసియాలో చాలా చోట్ల వాడుతున్నారు. మనకు సరిపోవచ్చు. కొంచెం పెద్దచొక్కా కూడా కావచ్చు. లక్షన్నర కంపెనీవారిది కూడా చెడ్డదని నాకు అనిపించలేదు. వారి మనిషి పిలిస్తే సాయంత్రానికి వస్తాడు. ఆ సాయంత్రానికి విలువ ఉంది. రక్తపరీక్ష యంత్రంలో ఉన్న ప్రోగ్రాము ఎలాగూ కంపెనీదే, దాన్ని మనం మార్చలేము.

అందుకని కమిటీకి నేను రాసి ఇచ్చినది ఇంతే. ఎవరిది తీసుకున్నా సరే, మన రోగుల వివరాలన్నీ మామూలు పట్టికల రూపంలో, మన సొంత పెట్టెలోకి, ఎవరినీ బతిమాలకుండా, ప్రతి శుక్రవారం తీసుకోగలగాలి. ఒప్పందం రద్దయిన రోజున కూడా తీసుకోగలగాలి. అది కాగితంమీద సంతకంతో రావాలి, నోటిమాటగా కాదు. యంత్రం కొనేటప్పుడు ఫలితాలు ఏ ప్రమాణంలో బయటికి వస్తాయో బిల్లుమీద రాయించుకోవాలి. ఓపెన్ సోర్సు అయితే, మిగిలిన డబ్బు మిగిలినట్టు కాదు. ఆ డబ్బుతో ఇద్దరికి, ఒక్కరికి కాదు, ఇద్దరికి పని నేర్పించి జీతం ఇవ్వాలి. అందులో ఒకరు పెళ్ళయి ఇక్కడే ఉండే ఆడపిల్ల అయితే మరీ మంచిది, మన మగపిల్లలు కువైట్ మానరు కనుక. పాస్‌వర్డు కవరులో పెట్టి, సీలువేసి, కోశాధికారిగారి బీరువాలో ఉంచాలి. మొదటి ఏడాది ఉచితం అన్న కంపెనీవారిని ఈ మొదటి షరతే అడిగాము. "అది మా పాలసీలో లేదండి" అన్నారు. రెండో ఏడాది వాళ్ళు ఎంత అడిగితే అంత ఇవ్వాలన్నమాట, ఎందుకంటే అప్పటికి మన రోగులు వాళ్ళ బీరువాలో ఉంటారు.

దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చునా అని కిందటివారం ఒక సోదరుడు అడిగారు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్‌లోనే ఉంది. అందులో కంప్యూటరు ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియదు. ఇమాం సాహెబుని అడిగి, అప్పటిదాకా విడిగా వచ్చిన చందాలనుంచే ఖర్చు చెయ్యాలని నా మనవి.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరవాత కమిటీ కూర్చుంటుంది. లక్షన్నర కంపెనీ మనిషీ వస్తాడు, ఓపెన్ సోర్సు కుర్రవాడూ వస్తాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడుగుదాము. సభ్యులెవరైనా రావచ్చు. పాత ఆసుపత్రి కాగితాలు, తెరుచుకోని సీడీలు ఇంట్లో ఉన్నవాళ్ళు వాటిని పట్టుకురండి, అక్కడే కంప్యూటరులో పెట్టి చూద్దాము. మగ్రిబ్‌కు ఇంకా పావుగంట ఉంది. అడగవలసినవి ఉంటే ఇప్పుడే అడగండి.